నాగలి పట్టిన తాత

ఇంగ్లండులో నార్ఫోక్ ప్రాంతపు సముద్రం ఒడ్డున పాస్టన్ అనే ఊరుంది. ఆ ఊరి పేరే ఇంటిపేరైన ఒక కుటుంబం కథ మాకు దగ్గరగా తోచింది.

క్లెమెంట్ పాస్టన్ 1419లో చనిపోయాడు. ఆయన గురించి గిట్టనివాళ్లు రాయించిన కాగితం ఒకటి మిగిలింది. నూరు, నూట ఇరవై ఎకరాల రైతనీ, తానే నాగలి దున్నేవాడనీ, జీను లేని గుర్రం మీద గింజల మూట వేసుకుని మరకు పోయేవాడనీ, పెళ్లాం దొరకు కట్టుబానిస అనీ అందులో ఉంది. తిట్టడానికే రాశారు. కానీ ఆ కాలపు దున్నేవాడి బతుకు ఇంత వివరంగా దొరకడం అరుదు. అప్పు చేసి కొడుకును బడికి పంపాడని కూడా అదే కాగితం చెబుతుంది. పంతుళ్లం కదా, ఈ మాట దగ్గర ఆగిపోయాం.

ఆ కొడుకు విలియం 1429లో జడ్జి అయ్యాడు, భూములు కొన్నాడు. మనవడు జాన్ 1459లో కేస్టర్ కోటకు వారసుణ్ణన్నాడు. పెద్దదొరలకు కన్ను కుట్టింది. కట్టుబానిస సంతతని రుజువైతే ఆస్తి దొర లాక్కోవచ్చు. అందుకని పాస్టన్లు పాత దస్తావేజులు చూపి, ఫ్రాన్సు నుంచి వచ్చిన వుల్‌స్టన్ వంశం మాదన్నారు. 1466లో నాలుగో ఎడ్వర్డ్ రాజు సరేనన్నాడు. ఆ వంశవృక్షం చాలావరకు కల్పితమేనని చరిత్రకారుల మాట.

అసలు వంశం వెతికేవాళ్లు ఇప్పుడు దొరల కచేరీల తోలు చుట్టలు విప్పుతారు. రైతు చనిపోతే భూమి ఎవరికి దక్కిందో, దొర ఏ పశువును తోలుకుపోయాడో వాటిలో రాసి ఉంటుంది. మన గోండు గూడేల్లో ప్రధాన్లు కీక్రి వాయిస్తూ పాడే వంశాలకు అక్కడ ఈ చుట్టలే సాటి.