తిరునాళ్ళ అంగడి ఎటు తిరుగుతుంది?

నాగులేరు దాచేపల్లిని ఒరుసుకుంటూ పోయి కృష్ణలో కలుస్తుంది. ఆ ఏటి వెంబడే ఎగువకు వెళితే కారంపూడి వస్తుంది. కార్తీక అమావాస్యకు అక్కడ పల్నాటి వీరుల ఆరాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. పన్నెండో శతాబ్దంలో ఆ గడ్డ మీద జరిగిన దాయాదుల యుద్ధాన్ని ఏటా మళ్ళీ తలుచుకునే రోజులవి. వీరాచారవంతులు ఊరూరి నుంచి తెచ్చిన ఆయుధాలకు నాగులేటిలో స్నానం చేయిస్తారు. వీర విద్యావంతులు పంబ మోతల మధ్య కథ పాడతారు. పాట చుట్టూ జనం చేరతారు, ఆ జనం చుట్టూ అంగళ్ళు వెలుస్తాయి.

సరిగ్గా అప్పటికి పల్నాటి చేలల్లో పత్తి తీతలు సాగుతుంటాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం. గాజుల మలారం దించేవాడికీ, బొమ్మల గంప పరిచేవాడికీ ఈ లెక్క దేవుడి కథంత బాగా తెలుసు.

పాటకూ అంగడికీ ఉన్న ఈ పొత్తు కారంపూడికే చెల్లింది కాదు, కొత్తదీ కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరున వెలసిన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అమ్మకాలు, ఆటలు, పూటకూళ్ళ ఇల్లు చూస్తూ పోతున్న వాళ్ళకు ఒకచోట పల్నాటి వీరుల కథ పాడుతున్న స్త్రీ కనిపిస్తుంది. అంటే ఆరు వందల ఏళ్ళ కిందటే ఈ కథ పల్నాడు దాటి, రాజధాని బజారులో పది మందిని నిలబెట్టి వినిపించుకుంది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పల్నాటి వీరచరిత్రను అచ్చు వేయించారు. 1970లలో జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన కథను టేపు మీద పట్టి, 1982లో పుస్తకంగా తెచ్చాడు. కథ గురించి ఇంత రాశారు గానీ, దాని పక్కన వెలిసి మాయమయ్యే అంగళ్ళ గురించి రాసినవాళ్ళు అరుదు. కూల్చి కట్టడమే వాటి పద్ధతి కదా, శాసనం చెక్కడానికి రాయి ఎక్కడ నిలుస్తుంది?

ఆ కట్టుబడి ఎలా మారిందో పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లోనే దొరుకుతుంది. నాలుగు గుంజలు, మధ్యన నిట్రాడు, పైన తాటాకు, పక్కన తడిక: పాత దుకాణం ఇంతే. సరుకు పరచడానికి నులక మంచమో, పలకల బల్లో. తరువాత సరుగుడు కర్రలు, టార్పాలిన్ పట్టాలు వచ్చాయి. ఆ పైన ఇనప గొట్టాలు, రేకులు. పట్టా మడిచి లారీలో వేసుకోవచ్చు, తాటాకు అలా కుదరదు. దాంతో వర్తకుడికి ఒక తిరునాళ్ళ నుంచి ఇంకో తిరునాళ్ళకు పరుగెత్తే వీలు పెరిగింది. దీపం మారినప్పుడల్లా అంగడి అమరిక కూడా మారింది. పెట్రోమాక్సు కాలంలో ఒక లైటు వెలుగు పడినంత మేరే సరుకు కనిపించేది, అందుకే గాజులూ పూసలూ ముందుకు, మిగతావి వెనక్కి. కరెంటు వచ్చాక దుకాణం లోపలి గోడ కూడా అమ్ముడుపోయే జాగా అయింది.

కోటప్పకొండ దగ్గర ఈ సర్దుబాటు ఇంకా పెద్దది. అక్కడ శివరాత్రి అంటే ప్రభలు. వెదుళ్ళూ కర్రలూ కట్టి, రంగుగుడ్డలు చుట్టి, విద్యుద్దీపాలతో అరవై నుంచి వంద అడుగుల దాకా లేపుతారు. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి. ప్రభ ముందు వేదిక మీద రాత్రంతా పాటలు, ఆటలు. అది కదిలి వచ్చే దారిలో కరెంటు తీగలే విప్పి దించాలి, దుకాణం ఏపాటి? ప్రభ దారి ఖాయమయ్యాకే అంగడి వరస ఖాయమవుతుంది.

ఆ కొండ కింద 1909 శివరాత్రి నాడు పోలీసులకూ జనానికీ మధ్య గొడవ రేగి దొమ్మీగా మారింది. పోలీసులు వేసుకున్న పాక తగలబడింది, ప్రాణాలు పోయాయి. ఆ కేసులో నిందితుడైన చిన్నపరెడ్డి ఉరికంబం ఎక్కాడు. ఆయన మీద జానపదులు పాటలు కట్టుకున్నారు. ఎండుటాకుల పాకలు, నూనె దీపాలు, వేల జనం ఒకేచోట ఉంటే ఒక నిప్పురవ్వ ఏం చేస్తుందో అప్పటి వర్తకులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

జాగా ఎవరిది, ఎవరికి ఎంత కట్టాలి అన్నది మరో కథ. ఊరి స్థలమైతే పంచాయతీ, గుడి స్థలమైతే దేవాదాయ శాఖ ఆశీలు వేలం వేస్తాయి. పాట పాడుకున్నవాడు దుకాణానికి ఇంతని వసూలు చేసుకుంటాడు. వేలం ధర పెరిగిన ఏడు దుకాణం ముఖం కుదించుకుపోతుంది. పది అడుగులు అడిగినవాడు ఆరుతో సరిపెట్టుకుంటాడు. మూలమీది జాగా కోసం పోటీ ఎప్పుడూ ఉండేదే, రెండు దారుల జనమూ అక్కడ కళ్ళబడతారు గనక.

స్థిరమైన కప్పు కింద చేతిపనులను నిలిపే ప్రయత్నాలూ జరిగాయి. హైదరాబాదు మాదాపూర్‌లో 1992లో శిల్పారామం పెట్టారు. హర్యానాలో సూరజ్‌కుండ్ మేళా 1987లోనే మొదలైంది. 1994లో తెరిచిన దిల్లీ హాట్‌లో పనివాళ్ళకు పదిహేను రోజుల చొప్పున వంతులు వేసి అంగళ్ళు ఇస్తారు. వానకు తడవని కప్పు, కొనుగోలుదారు కూర్చోవడానికి అరుగు: పనివాడికి ఇవి చిన్న సుఖాలు కావు. మాచర్ల పక్కనున్న దుర్గి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ రాళ్ళ బరువు మోసే శిల్పికి రోజూ విప్పి కట్టే దుకాణం కంటే నిలకడైన అంగడే మేలు.

అయినా తిరునాళ్ళను అదే కొలతతో దిద్దబోతే చిక్కే. ఇటీవల ఏర్పాట్ల నక్షాలో ముందు క్యూ లైన్లు, బస్సుల నిలుపుదల, ప్రముఖుల దారి వస్తాయి, దుకాణాలకు మిగిలిన జాగా వస్తుంది. భద్రతకు అది అవసరమే, కాదనలేం. కానీ పాట వినపడని దూరానికి జరిపిన అంగడి దగ్గర జనం ఆగరు. కథ వింటూ ఆగినవాళ్ళే కదా ఇంటి పిల్లకు గాజులు కొనేది. 2014 నాటి వీధి వర్తకుల చట్టం యాభై ఏళ్ళు దాటిన బజార్లకు వారసత్వ హోదా గురించి మాట్లాడుతుంది. ఆ చట్టం చూపు మాత్రం ఏడాది పొడవునా సాగే పట్టణ బజార్ల మీద ఉంది, నాలుగు రోజుల్లో విప్పేసే తిరునాళ్ళ మీద కాదు.

శివరాత్రి జాగారం తీరేసరికి కోటప్పకొండ కింద పట్టాలు మడిచే పని మొదలవుతుంది. ఫాల్గుణ పున్నమికి మంగళగిరి నరసింహస్వామి తిరునాళ్ళు, ఆ తరువాత చైత్రంలో మాచర్ల చెన్నకేశవుడి ఉత్సవాలు. అదే గొట్టాలు, అవే పట్టాలు, మిగిలిపోయిన గాజులు. మాచర్లలో ఎండకు తగ్గట్టు పట్టాను ఇంకో మూర ముందుకు లాగి కట్టాలి.