గడియారం ఎవరి చేతిలో? అమెరికా ఫుట్‌బాల్‌లో నల్ల రిసీవర్ల ఎంపిక చరిత్ర

1990లో మండల్ సిఫార్సుల అమలు ప్రకటన వచ్చినప్పట్నుంచి ఇవాళ్టిదాకా రిజర్వేషన్ వ్యతిరేకుల నోట ఒకటే మాట: ప్రతిభ. ప్రతిభ అంటే ఏమిటి, దాన్ని కొలిచే కొలబద్దని ఎవరు తయారుచేశారు, అది ఎవరి చేతిలో ఉంది అని అడిగితే మాత్రం జవాబు రాదు. పైగా ఇంకో వాదన తెస్తారు. 'ఆటల్ని చూడండి, అక్కడ రిజర్వేషన్ లేదు, దమ్మున్నోడే గెలుస్తాడు, గడియారానికి కులం తెలీదు' అంటారు. మన విద్యార్థులు చాలామంది ఈ మాట దగ్గర ఆగిపోతారు. అందుకే ఈ వ్యాసంలో మేము ఆటనే తీసుకుంటున్నాం. అందులోనూ సెకన్లు, అంగుళాలు, మార్కులు అన్నీ రాసిపెట్టే ఆటని, అమెరికా ఫుట్‌బాల్‌ని, తీసుకుంటున్నాం.

ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని, విసిరి, మోసుకుపోయే ఆట. జట్టుకి పదకొండు మంది. ఆటని నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను విసిరిన బంతిని మైదానం అంచు నుంచి పరిగెత్తి, వెంటపడే ప్రత్యర్థిని వదిలించుకుని అందుకునేవాడు వైడ్ రిసీవర్. ఆటగాళ్లు తయారయ్యేది కాలేజీల్లో. అక్కణ్ణుంచి డబ్బిచ్చి ఆడించే జట్లు ఏడాదికోసారి వంతులవారీగా వాళ్లని ఎంచుకుంటాయి. ఈ ఎంపికనే డ్రాఫ్ట్ అంటారు. కిందటి ఏడాది అన్నిటికంటే వెనకబడిన జట్టుకి మొదటి వంతు. మొదటి రౌండులో పేరు పిలిపించుకున్నవాడికి ఎక్కువ డబ్బు, ఎక్కువ ఓపిక, ఎక్కువ అవకాశాలు. చివరి రౌండువాడు నాలుగు రోజుల్లో పనికిరాడనిపిస్తే ఇంటికే. అంటే ఏ రౌండులో పిలిచారన్నది వట్టి అంచనా మాత్రమే కాదు, అతని బతుకుని నిర్ణయించే తీర్పు.

గోడ

మొదటి డ్రాఫ్ట్ 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగింది. బోర్డు మీద 90 పేర్లు రాసుకున్నారు. ఎన్.ఎఫ్.ఎల్. అనే ఆ సంఘంలో 1934 నుంచి 1945 దాకా ఒక్క నల్ల ఆటగాడూ లేడు. ఎక్కడా రాతపూర్వకమైన నిషేధం లేదు. మన ఊళ్లల్లో రెండు గ్లాసుల పద్ధతికి రాత ఉందా? ఇదీ అంతే.

1946లో గోడకి పగులు పడింది. లాస్ ఏంజెలెస్‌కి తరలివచ్చిన రామ్స్ జట్టు కొలీసియం అనే ప్రభుత్వ మైదానంలో ఆడాలనుకుంది. ప్రజల డబ్బుతో కట్టిన మైదానంలో నల్లవాళ్లు లేని జట్టు ఎట్లా ఆడుతుందని నల్ల పత్రికా రచయితలు నిలదీశారు. దాంతో కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ జట్టులోకి వచ్చారు. డ్రాఫ్ట్‌లో ఒక నల్ల ఆటగాడి పేరు మొదటిసారి వినపడింది 1949లో. ఆయన ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ టాలియాఫెరో. పిలిచింది పదమూడో రౌండులో.

అన్నిటికంటే చివర లొంగింది రాజధాని వాషింగ్టన్ జట్టు. దాని యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ నల్లవాళ్లని తీసుకోనని భీష్మించుకుని కూర్చున్నాడు. కొత్త స్టేడియం కేంద్ర ప్రభుత్వ భూమిలో ఉంది కాబట్టి వివక్ష మానకపోతే అందులో ఆడనివ్వమని 1961లో అంతరంగిక వ్యవహారాల మంత్రి స్టూవర్ట్ యుడాల్ హెచ్చరించాడు. అప్పుడు గానీ దారికి రాలేదు. అట్లా 1962లో ఆ జట్టుకి వచ్చినవాడు బాబీ మిచెల్. అంతకుముందు బంతి మోసుకుని పరిగెత్తే స్థానంలో ఆడేవాడు. ఇక్కడ అతన్ని రిసీవర్‌గా ఆడించారు. మొదటి ఏడాదే 72 బంతులు పట్టి, 1,384 గజాలు సాధించి, మొత్తం సంఘంలోనే మొదటి స్థానంలో నిలిచాడు.

దీన్ని కాస్త నిదానంగా ఆలోచించండి. ఆ జట్టు తలుపు తెరుచుకున్నది యజమాని ప్రతిభని గుర్తించడం వల్ల కాదు, ప్రభుత్వం మెడలు వంచడం వల్ల. అట్లా 'ఒత్తిడితో' వచ్చినవాడు అందరికంటే మెరుగ్గా ఆడాడు. తలుపు తెరిస్తే ప్రమాణాలు పడిపోతాయనే వాళ్లకి ఇంతకంటే జవాబేం కావాలి?

చూసే కళ్లు

దక్షిణాది రాష్ట్రాల పెద్ద విశ్వవిద్యాలయాలు నల్ల పిల్లల్ని రానివ్వని రోజుల్లో వాళ్లు చదువుకున్నదీ ఆడుకున్నదీ నల్లవాళ్ల కాలేజీల్లో. లూసియానాలో గ్రాంబ్లింగ్, టెక్సస్‌లో ప్రయిరీ వ్యూ, ఇంకా ఫ్లోరిడా ఎ అండ్ ఎం, అలబామా ఎ అండ్ ఎం ఇట్లాంటివి. గ్రాంబ్లింగ్‌లో ఎడ్డీ రాబిన్సన్ 1941 నుంచి 1997 దాకా కోచ్‌గా ఉండి 408 ఆటలు గెలిపించాడు. 1949లో అక్కణ్ణుంచి పాల్ 'ట్యాంక్' యంగర్ రామ్స్ జట్టుకి వెళ్లాడు. నల్ల కాలేజీ నుంచి ఎన్.ఎఫ్.ఎల్.కి చేరిన మొదటివాడు ఆయనే. డ్రాఫ్ట్‌లో మాత్రం ఆయన పేరు ఎవరూ పిలవలేదు.

ఆటగాళ్లని వెతికి, చూసి, మార్కులు వేసి వచ్చేవాళ్లని స్కౌట్లు అంటారు. వాళ్లంతా తెల్లవాళ్లే. నల్ల కాలేజీల వైపు తొంగి చూసేది తక్కువ. చూడనివాడికి ప్రతిభ కనపడుతుందా? 1963 డ్రాఫ్ట్ దీనికి సాక్ష్యం. 1960లో పుట్టిన పోటీ సంఘం ఎ.ఎఫ్.ఎల్. ఆ ఏడాది అందరికంటే ముందు పిలిచిన పేరు గ్రాంబ్లింగ్‌కి చెందిన బక్ బుకానన్. అదే మనిషిని ఎన్.ఎఫ్.ఎల్. పిలిచింది పంతొమ్మిదో రౌండులో, 265వ వాడిగా. మనిషి ఒక్కడే, కాలం ఒక్కటే, ఆట ఒక్కటే. మరి ఒకటికీ 265కీ మధ్య తేడా ఎక్కడుంది? ఆటగాడిలో అయితే లేదు.

బుకానన్‌ని పిలిచిన జట్టే ఆ తర్వాత కాన్సాస్ సిటీ చీఫ్స్ అయింది. ఆ జట్టు లాయిడ్ వెల్స్ అనే నల్ల మనిషిని స్కౌట్‌గా పెట్టుకుంది. వృత్తి ఫుట్‌బాల్‌లో పూర్తికాలం పనిచేసిన మొదటి నల్ల స్కౌట్ ఆయనే. ఆయన పట్టుకొచ్చిన రిసీవర్ ప్రయిరీ వ్యూకి చెందిన ఓటిస్ టేలర్. 1965 డ్రాఫ్ట్‌లో చీఫ్స్ అతన్ని నాలుగో రౌండులో తీసుకుంటే, ఎన్.ఎఫ్.ఎల్. పదిహేనో రౌండులో పిలిచింది. 1970 జనవరిలో జరిగిన నాలుగో సూపర్ బౌల్‌లో టేలర్ బంతి పట్టుకుని 46 గజాలు దూసుకుపోయిన ఆట ఇప్పటికీ చెప్పుకుంటారు. 1971లో గజాల లెక్కలో దేశానికే మొదటివాడు.

పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. పిట్స్‌బర్గ్ కురియర్ అనే నల్లవాళ్ల వారపత్రికలో బిల్ నన్ పనిచేసేవాడు. నల్ల కాలేజీల మేటి ఆటగాళ్ల జాబితా ఆ పత్రిక ఏటా వేసేది. తెల్ల పత్రికలకి పట్టని సమాచారమంతా ఆయన దగ్గరుంది. 1960ల చివర్లో స్టీలర్స్ ఆయన్ని స్కౌట్‌గా పిలిచారు. 1974లో అలబామా ఎ అండ్ ఎంలో జాన్ స్టాల్‌వర్త్ అనే రిసీవర్‌ని చూడ్డానికి స్కౌట్లు గుంపుగా వెళ్లారు. నేల తడిగా ఉంది. గడియారంలో పరుగు నెమ్మదిగా నమోదైంది. మిగతావాళ్లు సామాన్లు సర్దుకుని పోయారు. నన్ మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి ఆగిపోయి, పొడినేల మీద మళ్లీ పరిగెత్తించి చూశాడని చెప్తారు. స్టీలర్స్ స్టాల్‌వర్త్‌ని నాలుగో రౌండులో తీసుకున్నారు. నాలుగు సూపర్ బౌల్ విజయాల్లో పాలుపంచుకుని 2002లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. నన్‌కి అదే గౌరవం దక్కింది 2021లో, ఆయన చనిపోయిన తర్వాత.

గడియారం అబద్ధం చెప్పలేదు. కానీ ఏ నేల మీద, ఎన్నిసార్లు, ఎంత ఓపికతో కొలిచారన్నది గడియారం చెప్పదు. అది కొలిచేవాడి మనసులో ఉంటుంది.

కొలతల పెట్టె

రిసీవర్‌ని ఇప్పుడు ఎట్లా అంచనా వేస్తారు? 40 గజాల పరుగు, నిలువు దూకుడు, అరచేతి కొలత, ఎత్తు, బరువు. కాలేజీలో ఆడిన ఆటల ఫిల్మ్. ప్రత్యర్థిని ఎట్లా వదిలించుకుంటాడు, మలుపు తిరిగేటప్పుడు వేగం పోతుందా, గుంపు మధ్యలో బంతి వదిలేస్తాడా అని చూస్తారు. 1982లో మొదలైన ఉమ్మడి శిబిరం 1987 నుంచి ఇండియానాపొలిస్‌లో జరుగుతోంది. దీన్ని కంబైన్ అంటారు. కుర్రాళ్లని లోదుస్తుల మీద నిలబెట్టి కొలతలు తీయడం చూసి బానిసల వేలంపాట గుర్తొచ్చిందని అన్నవాళ్లున్నారు. రెండూ ఒకటి కావు. ఇక్కడ నిలబడ్డవాడికి కోట్లు దక్కొచ్చు, కాదని వెళ్లిపోనూవచ్చు. కానీ కొనేవాళ్లంతా ఒకవైపు, కొలిపించుకునేవాళ్లంతా ఇంకోవైపు ఉండే ఆ చూపు ఎక్కణ్ణుంచి వచ్చిందో మర్చిపోకూడదు.

ఈ కొలతల చరిత్రలో మన దేశస్థుడూ ఒకాయనున్నాడు. 1960ల్లో డాలస్ కౌబాయ్స్ జట్టు ఎంపికకి కంప్యూటర్ వాడింది. ఆ లెక్కలు కట్టినవాడు భారతదేశం నుంచి వెళ్లిన గణాంక శాస్త్రజ్ఞుడు సలాం ఖురేషీ. అప్పటికి ఆయనకి ఈ ఆట గురించి ఏమీ తెలీదు. కంప్యూటర్‌కి రంగు తెలీదు, నిజమే. కానీ దానికి తిండి స్కౌట్లు రాసిచ్చిన అంకెలే. స్కౌట్ చూడని మైదానం కంప్యూటర్‌కీ కనపడదు.

వండర్‌లిక్ పరీక్ష సంగతి చూడండి. 12 నిమిషాల్లో 50 ప్రశ్నలు. నల్ల కార్మికులని పై ఉద్యోగాల్లోకి రానివ్వకుండా నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ కంపెనీ పెట్టిన పరీక్షల్లో ఇదొకటి. పనికి సంబంధం లేని పరీక్షతో జనాన్ని వడపోయడం చెల్లదని 1971లో అమెరికా సుప్రీంకోర్టు గ్రిగ్స్ కేసులో తీర్పిచ్చింది. అయినా ఫుట్‌బాల్ పెద్దలు ఆ పరీక్షని కంబైన్ నుంచి తీసేసింది 2022లో. అర్ధశతాబ్దం! బంతి పట్టుకోవడానికీ ఆ 50 ప్రశ్నలకీ సంబంధం ఏమిటో ఈలోగా ఎవరూ నిరూపించలేదు.

కొలత తెల్లవాడి విషయంలోనూ తప్పుతుంది. స్టీవ్ లార్జెంట్ నెమ్మదిగా పరిగెత్తుతాడని 1976లో అతన్ని తీసుకున్న జట్టే వదిలించుకుంది. తర్వాత అతనూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. తేడా ఒకటే. అక్కడ తప్పింది ఒక మనిషి కొలత. నల్ల కాలేజీల విషయంలో తప్పింది ఒక జాతి జాతి కొలత.

ఎవరికి ఏ స్థానం

రిసీవర్ స్థానానికే ఒక చరిత్ర ఉంది. ఆలోచించే స్థానం క్వార్టర్‌బ్యాక్, పరిగెత్తే స్థానం రిసీవర్ అని విభజించుకున్నారు. మొదటిది తెల్లవాళ్లకి, రెండోది నల్లవాళ్లకి. 1970లో జాన్ లాయ్, జోసెఫ్ ఎల్వోగ్ అనే పరిశోధకులు ఆటలో కేంద్రస్థానాలు తెల్లవాళ్లకే దక్కుతున్నాయని చూపించారు. మెదడు ఒకరిది, కాళ్లు ఇంకొకరివి! వర్ణవ్యవస్థ పురాణం చదివినవాళ్లకి ఈ లెక్క కొత్తేం కాదు.

1968లో మార్లిన్ బ్రిస్కో డెన్వర్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. ఎ.ఎఫ్.ఎల్.లో ఆ స్థానంలో ఆట ప్రారంభించిన మొదటి నల్లవాడు. మరుసటి ఏడాది అక్కడ చోటు లేకుండా పోయింది. బఫలో వెళ్లి రిసీవర్ అయ్యాడు. 1970లో వెయ్యి గజాలు దాటాడు. మంచి రిసీవర్ అయ్యాడు గదా, నష్టమేంటి అంటారేమో. తను ఎంచుకోని పనిలో కూడా మెరిశాడంటే అతని గొప్ప. ఎంచుకున్న పని చెయ్యనివ్వకపోవడం వాళ్ల నేరం. అదే 1968లో టెన్నెసీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ ఎల్డ్రిడ్జ్ డిక్కీని ఓక్లాండ్ మొదటి రౌండులోనే తీసుకుంది. అతన్నీ రిసీవర్‌గానే మార్చింది.

ఇదంతా పాత సంగతి అనుకోవద్దు. 2018లో లమార్ జాక్సన్ అనే క్వార్టర్‌బ్యాక్ రిసీవర్‌గా మారాలని బిల్ పోలియన్ అనే పెద్దమనిషి బహిరంగంగా సలహా ఇచ్చాడు. జాక్సన్ ఒప్పుకోలేదు, 40 గజాల పరుగు కూడా పరిగెత్తలేదు. మొదటి రౌండు చివరి పేరుగా, 32వ వాడిగా, బాల్టిమోర్ జట్టు అతన్ని తీసుకుంది. 2019లో దేశంలోకెల్లా మేటి ఆటగాడని ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. పోలియన్ తన అంచనా తప్పని ఒప్పుకున్నాడు. బాల్టిమోర్ తరఫున ఆ ఎంపిక చేసింది ఓజీ న్యూసమ్. ఆయన నల్లవాడు, ఒకప్పుడు అలబామాలో రిసీవర్. ఆ సంఘంలో జనరల్ మేనేజర్ హోదా అందుకున్న మొదటి నల్ల మనిషి, 2002లో. ఆయన జట్టు కూడా ఆ రౌండులో ముందు ఇంకో ఆటగాణ్ణి తీసుకున్నాకే జాక్సన్ దగ్గరికి వచ్చింది. కొలబద్ద నల్ల చేతికి వస్తే తప్పులే ఉండవని మేము అనడం లేదు. చూడాల్సినవాణ్ణి చూసే అవకాశం పెరుగుతుంది అంటున్నాం.

తలుపులు తెరిచాక

1970 ప్రాంతంలో దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాలు నల్ల ఆటగాళ్లని చేర్చుకోసాగాయి. గెలుపు కావాల్సొచ్చింది మరి. ఆ తర్వాత నల్ల కాలేజీల మైదానాలు పలచబడ్డాయి. అయినా 1985లో మిసిసిపి వ్యాలీ స్టేట్ నుంచి జెర్రీ రైస్ వచ్చాడు. తండ్రి ఇటుకల మేస్త్రీ. ఎండాకాలాల్లో తండ్రి పనిలో విసిరిన ఇటుకల్ని పట్టుకున్న చేతులవి. పరుగు పెద్ద వేగం కాదన్నారు, చిన్న కాలేజీల మీద ఆడిన ఆట ఒక ఆటేనా అన్నారు. అతనికంటే ముందు ఇద్దరు రిసీవర్లని ఎంచుకున్నారు. పదహారో పేరుగా శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకుంది. ఆట మానేసేనాటికి 1,549 బంతులు, 22,895 గజాలు. ఆ రికార్డు దగ్గరికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

'చిన్న కాలేజీ' అన్న మాటని మనం గుర్తుపెట్టుకోవాలి. ముందు పెద్ద కాలేజీలోకి రానివ్వరు, తర్వాత చిన్న కాలేజీలో చదివాడని మార్కులు తగ్గిస్తారు. మా ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం మేము. ఏ బళ్లో చదివారు, ఏ మీడియం అని ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న వెనక ఉన్నదీ ఇదే లెక్క.

2021 డ్రాఫ్ట్‌లో నల్ల కాలేజీల నుంచి ఒక్క పేరూ రాలేదు. 2022లో నలుగురు. నల్ల ఆటగాళ్లు సంఘం నిండా ఉన్నారు, కానీ వాళ్లని తయారుచేసిన సంస్థలు ఎండిపోయాయి. వ్యక్తులకి ప్రవేశం దొరకడం, సమూహానికి బలం దొరకడం రెండూ ఒకటి కాదని ఈ చరిత్ర చెప్తోంది. మన హాస్టళ్లు, మన సంఘాలు, మన పత్రికల గురించి ఆలోచించేటప్పుడు ఇది పనికొస్తుంది.

ఇంకో చివరి సంగతి. తలదెబ్బలకి నష్టపరిహారం ఇచ్చేటప్పుడు నల్ల ఆటగాళ్ల మెదడు శక్తి మొదట్నుంచీ తక్కువేనని లెక్కకట్టే పద్ధతి వాడారు. అంటే దెబ్బ తగిలినా 'పోయింది తక్కువే' అని తేల్చడానికి వీలు. ఇద్దరు మాజీ ఆటగాళ్లు 2020లో కోర్టుకెక్కితే ఆ పద్ధతిని వదిలేస్తామని 2021లో సంఘం ఒప్పుకుంది. లోపలికి వచ్చేటప్పుడు ఒక కొలత, పోయేటప్పుడు ఇంకో కొలత. రెండూ ఒకే చేతిలో.

1946లో అంబేద్కర్ డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ నల్ల పాంథర్ల పేరు తీసుకున్నారు. ఈ బంధుత్వం పేర్లతో ఆగిపోకూడదు. లాయిడ్ వెల్స్, బిల్ నన్ చేసిన పని మన పని కూడా. మనవాళ్లు ఎక్కడెక్కడ చదువుతున్నారు, ఆడుతున్నారు, రాస్తున్నారు అనే లెక్క మన దగ్గరే ఉండాలి. మన జిల్లాల్లో ఎంపిక కమిటీల్లో, ఇంటర్వ్యూ బోర్డుల్లో ఎవరు కూర్చున్నారో, ఎవరికి ఎన్ని మార్కులు వేశారో పరిశోధక విద్యార్థులు సేకరించాలి. ప్రతిభ ఉందా అని వాళ్లు అడిగినప్పుడు, కొలిచిందెవరు, ఏ నేల మీద కొలిచారు అని కాగితాలు చేతబట్టుకుని అడగగలగాలి.