నిండు గోదావరి, నిండు చార్జింగ్

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆ వరదను ఫొటో తీయబోయినవాడికి భయమంతా నీళ్లతోనే. రీళ్లు తడవకూడదు, లెన్సులోకి చెమ్మ చేరకూడదు. ఊళ్లో కరెంటు ఉందా లేదా అన్నది కెమెరాకు పట్టని సంగతి. 2022 జులై 16న నది మళ్లీ 71.3 అడుగులు ముట్టింది. ఈసారి ఎవరిని కదిపినా మొదటి మాట ఒకటే: ‘చార్జింగ్ ఎంతుంది?’ వరదకూ వరదకూ మధ్య 36 ఏళ్లు. ఈ కాలంలో ఫొటో తీసే పని కరెంటు మీద ఎంతగా ఆధారపడిందో, ఆ కరెంటును దాచుకునే బ్యాటరీని మనం ఎలా చూసుకున్నామో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి.

మొదట్లో బ్యాటరీ ఊసే లేదు. 1941 ప్రాంతంలో హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త గోదావరి వెంట కొండరెడ్ల పల్లెల్లో తిరిగి, వాళ్ల బతుకును కెమెరాకెక్కించాడు. 1945లో పుస్తకం తెచ్చాడు. ఆయన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి. అప్పటికి ఖమ్మం జిల్లాయే లేదు, 1953లో వరంగల్ నుంచి విడివడింది. ఆనాటి కెమెరాలో స్ప్రింగు, పళ్ల చక్రాలు, నొక్కే వేలు, అంతే. రీలు ఉన్నంతసేపూ పనిచేసేది. తరవాత వచ్చిన పెంటాక్స్ కె1000లాంటి కెమెరాల్లో చిన్న బటన్ సెల్ ఉండేది కానీ, అది వెలుతురు కొలిచే ముల్లుకు మాత్రమే. సెల్ చచ్చినా షట్టరు పడేది. ఎండను బట్టి ఎక్స్‌పోజర్ అంచనా కట్టగలిగిన పాత స్టూడియోవాళ్లకు ఆ ముల్లు కూడా అక్కర్లేదు.

మన ఫొటోగ్రాఫర్లకు చార్జింగ్ అలవాటు నేర్పింది కెమెరా కాదు, ఫ్లాష్. పెళ్లి పందిట్లో ఒక్కసారి వెలిగాక సన్నగా కీచుమని శబ్దం, ఎర్ర లైటు వెలిగేదాకా ఎదురుచూపు. తలంబ్రాలు ఆగవు కదా! అందుకే తిరిగి చార్జ్ అయ్యే నికెల్-కాడ్మియం సెల్లు వాడేవారు. వాటికో గుణం ఉంది. సగం వాడి చార్జింగ్ పెడుతూ పోతే, ఆ సగాన్నే అలవాటు చేసుకుని మిగతా సగాన్ని మరిచిపోయినట్టు ప్రవర్తించేవి. మామూలు చార్జర్‌తో నిండడానికి 14 నుంచి 16 గంటలు. ‘పూర్తిగా దించు, రాత్రంతా పెట్టు’ అని గురువు శిష్యుడికి చెప్పిన మాట ఆ సెల్లకు అక్షరాలా సరైనది. ఈ మాటను గుర్తుంచుకోండి, కథ మళ్లీ దీని దగ్గరికే వస్తుంది.

1975లో అమెరికాలో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. బరువు దాదాపు 3.6 కిలోలు. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. దానికి ప్రాణం పోసినవి 16 పెన్సిల్ సెల్లు. అంటే డిజిటల్ కెమెరా పుట్టుకతోనే బ్యాటరీ ఆకలితో పుట్టింది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. దాని వెనుక ఉన్న గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన నోబెల్ దక్కింది.

అడవి అంచుకు డిజిటల్ వచ్చింది మాత్రం పెన్సిల్ సెల్లతోనే. 2000 తర్వాత యాత్రికుల మెడల్లో వేలాడిన చిన్న కెమెరాలు రెండో నాలుగో సెల్లు మింగేవి. కొట్లో కొన్న మామూలు సెల్లు పదో ఇరవయ్యో ఫొటోలకే చేతులెత్తేసేవి. గడియారంలో ఏడాది నడిచే సెల్ కెమెరాలో పూటైనా ఎందుకు రాదని జనం వాపోయేవారు. గడియారం చుక్కచుక్కగా తాగుతుంది, కెమెరా ఒక్క గుక్కలో లాగుతుంది. చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఆ గుక్కకు తట్టుకున్నా, వాడకుండా పెట్టెలో ఉంచితే వాటంతటవే దిగిపోయేవి. 2005లో శాన్యో ఎనెలూప్ సెల్లు వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది.

తర్వాత లిథియం చేతికందింది. పెద్ద మేలు. 2008 నాటి నికాన్ డి90 ఒక్క చార్జింగ్‌తో 850 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. అయితే బ్యాటరీ మారినా మన అలవాటు మారలేదు. గురువు చెప్పిన మాట శిష్యుడు వదల్లేదు. లిథియానికి పాత జ్ఞాపకాల జబ్బు లేదు. పూర్తిగా దించితే దానికి మేలు జరగదు, ఆయుష్షు తగ్గుతుంది. సగంలో పెట్టినా, సగంలో తీసినా ఇబ్బంది లేదు. నిండా నింపి నెలల తరబడి బీరువాలో పడేయడమే దానికి అసలు చేటు. వేడి తోడైతే మరీనూ. బ్యాటరీ నిపుణులు తరచూ చూపే లెక్క ఒకటుంది: నిండు చార్జింగ్‌తో 40 డిగ్రీల వేడిలో ఏడాది ఉంచితే సామర్థ్యం 65 శాతానికి పడిపోతుంది. 40 శాతం చార్జింగ్‌తో ఉంచితే అదే వేడిలో 85 శాతం నిలుస్తుంది.

ఈ లెక్క మరెక్కడికన్నా మనకే ఎక్కువ వర్తిస్తుంది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఎండల సంగతి వేరే చెప్పాలా? మేలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఎన్నో. లిథియం బ్యాటరీని చార్జ్ చేయడానికి సాధారణంగా చెప్పే గరిష్ఠ హద్దు కూడా ఆ 45 డిగ్రీలే. రేకుల గదిలో మధ్యాహ్నం చార్జింగ్ పెడితే ఆ హద్దు మీద కూర్చోబెట్టినట్టే. ఒక శ్రీరామనవమి ముందురోజు నా సంచిలోని చవక డూప్లికేట్ బ్యాటరీ ఉబ్బి, కెమెరా గూట్లో ఇరుక్కుపోయింది. గోరుతో లాగినా రాలేదు. దాన్ని కారు అద్దం కింద ఎండలో వదిలింది నేనే. భద్రాద్రి కల్యాణం అభిజిత్ లగ్నంలో, మిట్టమధ్యాహ్నం జరుగుతుంది. ఆ క్షణానికి రెండో అవకాశం ఉండదు. ఆ రోజు నుంచి నాది ఒకటే పద్ధతి: తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు చార్జింగ్, నిండినదానికి రబ్బరు బ్యాండు, వాడినదానికి తీసేయడం, అన్నీ తువాల్లో చుట్టి నీడన.

కరెంటు సంగతి ఇంకొకటి. పాల్వంచలో 1960ల నుంచి థర్మల్ కేంద్రం ఉంది, మణుగూరులో భద్రాద్రి థర్మల్ కేంద్రం 1,080 మెగావాట్లది. 460 మెగావాట్ల దిగువ సీలేరు 2014 దాకా ఖమ్మం జిల్లాలోనే ఉండేది. అయినా చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అటవీ పల్లెల్లో వేసవి కోతలు, లో వోల్టేజీ చూడని ఫొటోగ్రాఫర్ లేడు. కోయ పండగకు వెళ్లినవాడు మొదట వెతికేది ప్లగ్గు ఉన్న కొట్టునే. సోలార్ ప్యానెళ్లు, పవర్ బ్యాంకులు వచ్చాక ఆ వెతుకులాట కొంత తగ్గింది.

మనుషులు వెళ్లలేని చోట కాపలా ఉండేవి కెమెరా ట్రాపులు. 2018 జాతీయ పులుల లెక్కింపులో 26,838 చోట్ల వాటిని పెట్టారు, అది గిన్నిస్ రికార్డుకెక్కింది. చెట్టుకు కట్టిన ఆ పెట్టె ఎక్కువసేపు నిద్రపోతుంది, ఒంటి వేడి ఎదురుగా కదిలితేనే లేస్తుంది. అందుకే కొన్ని సెల్లతో వారాలపాటు నడుస్తుంది. మన ఎండాకాలంలో దానికీ పరీక్షే. గాలి వేడి జంతువు ఒంటి వేడితో సమానమైతే పులి వచ్చినా పసిగట్టడం కష్టం. కాగిన గడ్డి గాలికి ఊగితే ఉత్తినే లేచి వందల ఖాళీ ఫొటోలు తీసి సెల్లు హరించేస్తుంది. ఎదురుగా అడ్డొచ్చే గడ్డి కోసే అటవీ సిబ్బంది కొడవలి కూడా బ్యాటరీ పొదుపులో భాగమే.

ఈమధ్య అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాలు వచ్చి మళ్లీ ఆకలి పెంచాయి. 2013 నాటి సోనీ ఎ7 బ్యాటరీకి 340 ఫొటోలే, 2018లో ఎ7 త్రీ 710కి చేరింది. తెర ఎప్పుడూ వెలుగుతూ ఉంటే కరెంటు తాగకుండా ఎలా ఉంటుంది? తీయనప్పుడు ఆపేయడం ఒక్కటే మందు.

ఈ కథలో మనం ఇంకా దిద్దుకోని తప్పు ఒకటుంది. చచ్చిన సెల్లు, ఉబ్బిన బ్యాటరీలు గోదావరి రేవుల్లో, అడవి దారుల్లో కనిపిస్తున్నాయి. కాడ్మియం మట్టిలోకి దిగితే విషం, లిథియం నలిగితే మంట. 2022 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే. నవమికి వచ్చే ఫొటోగ్రాఫర్ సోదరులారా, కెమెరా సంచిలో ఒక చిన్న డబ్బా వేరుగా పెట్టుకోండి. పనికిరాని బ్యాటరీల కొసలకు టేపు అంటించి అందులో వేసి, ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. రేవులో మాత్రం పారేయకండి.