పొలిమేర కాగితాలు

పాస్‌పోర్టు చరిత్ర చెప్పేవాళ్లు రాజులతో మొదలుపెడతారు. మనకూ అందుకు ఆధారం ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడనే అధికారి కనిపిస్తాడు. మాషం అనే నాణెం చెల్లించినవాడికి ముద్ర ఇస్తాడు. అది ఉన్నవాడే జనపదంలోకి రావాలి, జనపదం దాటి పోవాలి. ముద్ర లేకుండా దొరికిన స్థానికుడికి 12 పణాల జరిమానా. దొంగముద్ర చూపితే స్థానికుడికి తొలిస్థాయి సాహసదండం అనే జరిమానా, అదే తప్పు చేసిన పరదేశికి అన్నిటికన్నా పెద్ద దండం. రుసుము, తనిఖీ, నకిలీ, మనవాడికో లెక్క పైవాడికో లెక్క... ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఇవాళ ఉన్నవన్నీ అక్కడే ఉన్నాయి. అయినా ఆ ముద్రకూ మన బీరువాలోని నీలం పుస్తకానికీ నేరుగా చుట్టరికం లేదు. మన పుస్తకం పూర్వీకులను వెతకాలంటే కూలీల ఓడలెక్కాలి.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు 1834లో అమల్లోకి వచ్చింది. ఆ ఏడాదే మారిషస్ చెరకు తోటలకు భారతీయ కూలీల ప్రయాణాలు ఊపందుకున్నాయి. తర్వాత నేటాల్, ఫిజీ. మద్రాసులో ఓడెక్కినవారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన తొలి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి వెళ్లిందే. ఓడెక్కే ముందు ఒక్కొక్కరికీ ఒక ఎమిగ్రేషన్ పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు, చివరగా ఒంటి మీది గుర్తులు. ఎడమ భుజం మీద మచ్చ, నుదుట గాటు, చేతి మీద పచ్చబొట్టు, ఏది కనబడితే అది ఎక్కించేవారు. దాని కింద డాక్టరు సంతకం, అధికారి సంతకం. ఒడంబడిక కాలం ఐదేళ్లు. అది తీరిన కూలీ మారిషస్‌లో స్వేచ్ఛగా బతుకుదామన్నా కుదిరేది కాదు. 1867 చట్టం వచ్చాక ఫొటో అంటించిన టికెట్టు వెంట ఉంచుకోవాలి. అది లేకుండా దొరికితే దేశదిమ్మరి కింద జైలు.

సరిగ్గా ఆ కాలంలోనే డబ్బున్న ఐరోపా వాడు పారిస్ నుంచి రోముకు రైల్లో హాయిగా వెళ్లేవాడు, దారిలో కాగితం అడిగేవాడు అరుదు. పందొమ్మిదో శతాబ్దం చివరికి పశ్చిమ ఐరోపా దేశాలు చాలావరకు పాస్‌పోర్టు నిబంధన ఎత్తేశాయి. రష్యా, ఉస్మానియా సామ్రాజ్యం మాత్రం పట్టుబట్టి ఉంచుకున్నాయి. ప్రయాణపత్రాల చరిత్ర ఎంత చదివినా నన్ను వదలనిది ఈ తేడాయే. ఫొటో, పుట్టుమచ్చ, వేలిముద్ర కూలీకి ముందొచ్చాయి, దొరకు చాలా తర్వాత వచ్చాయి. ఇవాళ ఆ పాసులు చదువుతుంటే మరొకటీ అనిపిస్తుంది. మారిషస్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ ఉన్న తెలుగువారి వారసులకు ముత్తాత ఊరి పేరు దొరికేది ఆ కాగితంలోనే. మనిషిని కట్టడి చేయడానికి రాసుకున్న ఆ నాలుగు ముక్కలు లేకపోతే చాలా కుటుంబాలకు తమ ఊరేదో తెలిసేది కాదు.

కాగితాన్ని ఎదిరించిన తొలి పెద్ద పోరాటమూ దక్షిణాఫ్రికాలోనే జరిగింది. ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియావాసులంతా వేలిముద్రలిచ్చి రిజిస్ట్రేషన్ పత్రం తీసుకోవాలని, పోలీసు అడిగినప్పుడల్లా చూపాలని 1906లో చట్టం తలపెట్టింది. 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్ హమీదియా మసీదు ఆవరణలో గాంధీ సమక్షంలో భారతీయులు 2 వేలకు పైగా పత్రాలను తగలబెట్టారు. 1913 నవంబరులో నేటాల్ బొగ్గుగనుల కూలీలు, ఆడవాళ్లు, చంటిపిల్లలు కలిసి 2 వేల మందికి పైగా పర్మిట్లు లేకుండానే ట్రాన్స్‌వాల్ హద్దు దాటి నడిచారు. వాళ్లలో తమిళులూ తెలుగువాళ్లూ ఉన్నారు. సత్యాగ్రహాన్ని మనం ఉప్పుతోనూ ఖద్దరుతోనూ కలిపి చదువుకుంటాం గానీ, దాని మొదటి ప్రత్యర్థి ఒక గుర్తింపు కాగితం.

మరుసటి ఏడాది కెనడా వంతు. భారతదేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చినవారినే దిగనిస్తామని ఆ దేశం 1908లోనే నిబంధన పెట్టింది. అలా నేరుగా వెళ్లే ఓడ లేదని తెలిసి పెట్టిన నిబంధన అది. 1914 మే 23న 376 మందితో వాంకూవర్ చేరిన కొమగాట మారు ఓడను రెండు నెలలు నీళ్లలోనే నిలబెట్టి వెనక్కి పంపారు. తిరిగొచ్చినవారి మీద కలకత్తా దగ్గర బజ్ బజ్‌లో కాల్పులు జరిగాయి. అంతలో ప్రపంచయుద్ధం వచ్చింది. గూఢచారుల భయంతో ప్రతి దేశమూ పాస్‌పోర్టు అడగడం మొదలుపెట్టింది. యుద్ధం ముగిసినా అడగడం ఆగలేదు. 1920 అక్టోబరులో నానాజాతి సమితి పారిస్‌లో జరిపిన సమావేశం 32 పేజీల పుస్తకాన్ని నమూనాగా ఖరారు చేసింది. మన దేశంలో ప్రవేశానికి పాస్‌పోర్టు చట్టం వచ్చిందీ 1920లోనే. ఏ దేశమూ లేని శరణార్థులకు 1922లో నాన్సెన్ పాస్‌పోర్టు పుట్టింది. మొత్తం ఈ కథలో మనసుకు ఊరట కలిగించే కాగితం అదొక్కటే.

తెలుగువాళ్లకు సరిహద్దు అసలు రుచి చూపించింది మాత్రం బర్మా. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో డెక్కు టికెట్టు కొనుక్కుంటే చాలు, రంగూన్‌లో దిగొచ్చు. పాస్‌పోర్టు అన్న మాటే లేదు, ఎందుకంటే అప్పటికి బర్మా భారతదేశంలోని ఒక రాష్ట్రం. కోతలయ్యాక వెళ్లి రేవులో మూటలు మోసి, ధాన్యపు మిల్లుల్లో పనిచేసి, రిక్షాలు లాగి నాలుగు డబ్బులతో తిరిగొచ్చేవారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ మనవాళ్లను కోరంగీలనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే యాజమాన్యాలు బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె ముగిశాక రగిలిన గొడవల్లో ఎన్నో ప్రాణాలు పోయాయి. 1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీశారు. మనిషి కదల్లేదు, మేస్త్రీ మారలేదు, ఓడ మారలేదు, కానీ కూలీ ఉన్నచోటే పరదేశి అయ్యాడు. కాగితాలుంటేనే రానిస్తామన్న ఒప్పందం 1941లో కుదిరింది. అది పూర్తిగా అమలయ్యేలోగా డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి.

లక్షల మంది కాలినడకన అడవుల్లో పడి మణిపూర్ వైపు, చిట్టగాంగ్ వైపు బయల్దేరారు. ఆ అడవి దారుల్లోనూ తెల్లవాళ్లకొకటి, మనవాళ్లకొకటి. కలరాతో, ఆకలితో దారిలోనే రాలిపోయినవాళ్ల లెక్క నేటికీ తేలలేదు. తర్వాత మళ్లీ వెళ్లినవాళ్లకూ, అక్కడే ఉండిపోయినవాళ్లకూ 1962లో సైనిక పాలన ఎదురైంది. దుకాణాలు జాతీయమయ్యాయి, బతుకుతెరువు పోయింది. కాందిశీకులుగా ఓడల్లో తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేటకు ఆ పేరు అలా వచ్చిందే. తెలుగు పాఠ్యపుస్తకాలు ఈ వలసకు ఒక పాఠమైనా కేటాయించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఉన్నచోటే మనిషిని పరదేశిని చేసే ఇదే పనిని ఉత్తరాన దేశవిభజన ఇంకా పెద్దయెత్తున చేసింది. 1948 జులైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి రాకపోకలకు పర్మిట్లు పెట్టారు. 1952 అక్టోబరులో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. నేపాల్, భూటాన్‌లకు మాత్రం మనం నేటికీ ఓటరు కార్డుతో వెళ్లి రాగలుగుతున్నాం.

ఇక స్వతంత్ర భారతంలో పాస్‌పోర్టు ఎవరి సొత్తు? ప్రభుత్వం దయతలిచి ఇచ్చేదనే అధికారులు రెండు దశాబ్దాలు వాదించారు. ఇవ్వడానికీ లాక్కోవడానికీ చట్టమంటూ లేదు. సత్వంత్ సింగ్ సహానీ అనే వ్యాపారి సుప్రీంకోర్టుకెక్కాడు. రాజమండ్రి నుంచి ఎదిగొచ్చిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1967 ఏప్రిల్ 10న తీర్పు చెప్పారు: విదేశం వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా దాన్ని ఆపడానికి వీల్లేదు. ఐదుగురిలో ముగ్గురే ఆ పక్షాన నిలిచారు. ఆ మర్నాడే ఆయన పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలకు వెళ్లారు. ప్రభుత్వం హడావుడిగా ఆర్డినెన్సు తెచ్చి, జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం చేసింది. 1977లో మేనకాగాంధీ పాస్‌పోర్టును కారణం చెప్పకుండా జప్తు చేసినప్పుడు, చట్టం ఉంటే సరిపోదు, అది న్యాయంగానూ ఉండాలని 1978 జనవరిలో ఏడుగురు న్యాయమూర్తులు తేల్చారు. సుబ్బారావు పేరు చెప్పగానే, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ కేసు గుర్తు చేసుకుంటాం. నా దృష్టిలో ఈ తీర్పు సామాన్యుడికి అంతకన్నా దగ్గరిది.

ఆ హక్కు అందరికీ ఒకేలా అందలేదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాసవ్వనివారి పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని పడుతుంది. గల్ఫ్ సహా కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లకు అదనపు అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. మోసం నుంచి కాపాడాలన్నది ఉద్దేశం. కానీ కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ పల్లెల్లో ఏజెంట్లకు అడ్డదారి తెలుసు. విజిట్ వీసా మీద ఎక్కిస్తారు. దిగగానే పాస్‌పోర్టు యజమాని చేతిలోకి పోతుంది. జీతం రాక పారిపోతే ‘కల్లివెల్లి’, అంటే కాగితాల్లేని అక్రమ నివాసి అయినట్టు. అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించాకో, మన ఎంబసీ ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణపత్రం ఇచ్చాకో తప్ప ఇంటికి దారి లేదు. 2018 జనవరిలో కేంద్రం ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తామంది. చదువు తక్కువని రంగుతో ముద్ర వేయడమేమిటని నిరసన రేగడంతో ఆ నెలలోనే వెనక్కి తగ్గింది.

అట్ట రంగు ఒకటే మిగిలింది గానీ లోపలి తేడా అలాగే ఉంది. ఈసీఆర్ అనుమతితో వెళ్లినవాడికి ప్రవాసీ భారతీయ బీమా కింద ప్రమాద మరణానికి 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద వెళ్లినవాడు లెక్కలోనే లేడు కాబట్టి ఆ కుటుంబానికి బీమా లేదు. కాబట్టి అనుమతి ఉన్నా లేకున్నా, విదేశంలో పనిచేస్తూ చనిపోయిన ప్రతి కూలీకీ బీమా వర్తించేలా ఎమిగ్రేషన్ చట్టాన్ని తిరగరాయాలి. 1983 నాటి షరతును 40 ఏళ్లు దాటినా మోయిస్తున్న ప్రభుత్వానికి ఇది పెద్ద పనేమీ కాదు.