నెట్‌వర్కుల యోగక్షేమములు

పెదవేగిలోని ఒక పాఠశాలలో ఇంటర్నెట్ ఆగిపోయినదనుకొందము. లోపము బడిలోని రౌటరులో ఉండవచ్చును. ఏలూరు దారిలోని తీగలో ఉండవచ్చును. దూరముననున్న సర్వరులోనూ ఉండవచ్చును. ప్రతి చోటికి మనిషిని పంపక దీనిని తెలిసికొనుట ఎట్లు?

ఈ చిక్కు పాతదే. 1980 అక్టోబరు 27న అమెరికాలోని ఆర్పానెట్ కొన్ని గంటలు స్తంభించినది. ఒక యంత్రము చెడి, తప్పుడు స్థితి సందేశములు నెట్‌వర్కునంతటిని ముంచెత్తినవి.

1987లో కేస్, డేవిన్, ఫెడర్, షాఫ్‌స్టాల్ అను నలుగురు రౌటర్ల తనిఖీకి ఒక ప్రోటోకాల్ రచించిరి. దానినుండియే 1988లో ‘సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్’, అనగా ఎస్.ఎన్.ఎం.పి., వెలువడినది.

దీని ఏర్పాటు సులభము. ప్రతి పరికరములో ‘ఏజెంటు’ అను చిన్న ప్రోగ్రాము ఉండును. కేంద్రములోని ‘మేనేజరు’ అడుగగా, ఎన్ని బైట్లు సాగినవి, ఎన్ని పొరపాట్లు దొర్లినవి అది లెక్క చెప్పును. ఒకవైపు తీగ తెగినచో, అడుగకయే మరొకవైపు నుండి ‘ట్రాప్’ అను హెచ్చరిక పంపును. జవాబే రానిచో, లోపము ఆ చోటనో దారిలోనో ఉన్నదని తెలియును.

అంతర్జాతీయ ప్రమాణముగా రూపొందుచున్న సి.ఎం.ఐ.పి. వచ్చువరకే దీనిని వాడుదమని 1988లో తలచిరి. కాని తాత్కాలికమైనదే నిలిచినది. చిన్న యంత్రము కూడ మోయగల తేలికదనమే అందుకు కారణము.

ఆ తేలికదనమునకు మూల్యమును కలదు. తొలి రూపములో సంకేతపదము మరుగు లేకుండ ప్రయాణించెడిది. 2002లో పూర్తి ప్రమాణముగా స్థిరపడిన మూడవ రూపము గుప్తలేఖనమునకు వీలు కల్పించినది. పాత రూపమునే వాడుచున్న చోట మాత్రము, మేనేజరు వినెడి జవాబును దారిలోని అన్యులును వినగలరు.