ఒకే డిస్కులో రెండు కాపురాలు

జకార్డు అమర్చిన మగ్గాన్ని మీరెప్పుడైనా చూశారా? మగ్గం ఒకటే. పైన తిరిగే చిల్లుల అట్టల వరుసను మార్చితే చాలు, బట్ట మీద పువ్వు మారిపోతుంది. తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో నేత కుటుంబాలు వెళ్ళి స్థిరపడిన సూరత్ నగరంలో ఇది కొత్త సంగతి కాదు. మరి కంప్యూటరు మాటేమిటి? ఇంట్లో ఉన్నది ఒకటే. తండ్రి వ్యాపార లెక్కలకు విండోస్ కావాలి, కాలేజీలో చదివే అమ్మాయికి లినక్స్ కావాలి. రెండో కంప్యూటరు కొనే స్తోమత లేదు. అప్పుడేం చేయాలి?

ఈ ప్రశ్న పర్సనల్ కంప్యూటరుతోపాటే పుట్టింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ తన పీసీని విడుదల చేసినప్పుడే దానికి మూడు ఆపరేటింగ్ సిస్టంలను ప్రకటించింది. అప్పట్లో చిక్కేమీ లేదు. ఫ్లాపీ మార్చితే సిస్టం మారేది, అచ్చం మగ్గం అట్టల్లాగే. కాని 1983లో వచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కును లోపలే బిగించారు. దాన్ని ఫ్లాపీలా తీసి మార్చలేం కదా!

అందుకు కనిపెట్టిన ఉపాయం చాలా చిన్నది. డిస్కులోని మొట్టమొదటి సెక్టారులో 512 బైట్లుంటాయి. అందులో 446 బైట్లు కంప్యూటరును మేల్కొలిపే ప్రోగ్రాముకు, 64 బైట్లు ఒక పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు కేటాయించారు. పట్టికలో నాలుగే వరుసలు. డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవో, ఏది మేల్కొనాలో అవి చెబుతాయి. ఒక ఇంటిని నాలుగు వాటాలు వేసినట్లన్నమాట.

వాటాల వల్ల మేలేమిటో 1991లో హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్‌కు అనుభవమైంది. మోడెంకు వెళ్ళవలసిన డయలు ఆదేశాలు పొరపాటున డిస్కుకు వెళ్ళి, మినిక్స్ సిస్టం ఉన్న భాగం చెడిపోయింది. ఆయన దాన్ని మళ్ళీ ఎక్కించకుండా, తాను రాస్తున్న లినక్స్‌నే పూర్తిగా వాడసాగారు.

అయితే పట్టికలో ఒకసారి ఒక భాగానికే మేల్కొనే గుర్తు ఉండేది. కంప్యూటరు ఆన్ చేయగానే "ఏది కావాలి?" అని అడిగే ప్రోగ్రాములు ఆ లోటు తీర్చాయి. 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ లైలోను, 1995లో ఎరిక్ బోలిన్ గ్రబ్‌ను రాశారు. కాని ఆ 446 బైట్లకు తాళం లేదు. చివర రాసినవారిదే పెత్తనం! విండోస్ 95ను తరువాత ఎక్కిస్తే, అది ఎవరినీ అడగకుండా తన ప్రోగ్రామును అక్కడ రాసుకునేది. లినక్స్ పోయిందని ఎందరో కంగారుపడేవారు. నిజానికి ఫైళ్ళు భద్రంగానే ఉండేవి. పోయింది వాటికి దారి చూపే ప్రోగ్రాము మాత్రమే.

డిస్కులు 2 టెరాబైట్లు దాటేసరికి ఆ పాత పట్టికలోని 32 బిట్ల అంకెలు చాలలేదు. నేటి జీపీటీ పట్టికలో సాధారణంగా 128 వరుసలుంటాయి. యూఈఎఫ్ఐ పద్ధతిలో ఒక్కో సిస్టం మేల్కొలిపే ప్రోగ్రాము వేరే ఫైలుగా ఉంటుంది, ఒకటి రెండోదాన్ని తుడిచే అవసరం లేదు.

మీరూ ఈ ప్రయోగం చేయాలనుకుంటే ముందుగా ఇంట్లోవారి ఫైళ్ళన్నిటికీ వేరే డిస్కులో నకలు తీయండి. పట్టికలో ఒక్క అంకె తప్పుగా రాస్తే ఏళ్ళ తరబడి దాచిన లెక్కలు, ఫొటోలు కనబడకుండా పోవచ్చు. విభజన సరిగ్గా చేస్తే మాత్రం తండ్రి లెక్కలు తండ్రివే, కూతురి చదువు కూతురిదే. కంప్యూటరు ఒక్కటే!