పేరు పెట్టే హక్కు

పేరులో ఏముంది అని అడిగేవాళ్లందరికీ మంచి పేర్లే ఉంటాయి. రెడ్డి, చౌదరి, శర్మ అని తోక ఉన్నవాడికి పేరు ఒక ఆస్తి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి పొలంతో పాటు రాసిచ్చే ఆస్తి. మాకు పేరంటే ఎవరో విసిరితే వచ్చి తగిలిన రాయి. ఆ రాయి ఎవరు విసిరారు, ఎప్పుడు విసిరారు, దాన్ని మా వాళ్లు ఎట్లా చేతిలోకి తీసుకున్నారు అన్నదే మా చరిత్ర. బడిలో చెప్పే చరిత్ర పుస్తకంలో ఈ పాఠం లేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. యర్రగొండపాలెం చుట్టుపక్కల సర్కారు బళ్లలో పాఠాలు చెప్తున్నాను. మా తాతకు చర్చి రిజిస్టర్లో యేసోబు అని పేరు. ఆయన జీతమున్న ఆసామి లెక్కల పుస్తకంలో ఎర్రిగాడు. డెబ్బై ఏళ్లు బతికిన మనిషిని ఆ ఇంటి పదేళ్ల పిల్లోడు కూడా "ఒరే ఎర్రిగా" అనే పిలిచేవాడు. మా జేజి మాత్రం "ఆయనకు దేవుడిచ్చిన పేరుంది" అని చచ్చేదాకా చెప్పేది.

ఆ దేవుడిచ్చిన పేరు ఊరికే రాలేదు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ దొర జాన్ క్లౌ కాలం అది. నీళ్లలో మునిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అన్నం కోసం కలిశారని అగ్రకులాలు ఎగతాళి చేశాయి. అన్నం కోసం కూడా కావచ్చు. కానీ ఆ నీళ్లలో నుంచి లేచినవాడికి ఆసామి పెట్టని పేరు ఒకటి దొరికింది. ఆ విలువ తెలియనివాడే నవ్వుతాడు.

ఆ పేరుకూ వెల కట్టారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడిని చేర్చలేదు. అందుకే మా పల్లెల్లో ఒక్కో పిల్లవాడికి రెండు పేర్లు: చర్చిలో ఒకటి, సర్టిఫికెట్లో ఒకటి. అడ్మిషన్ రిజిస్టర్ రాసేటప్పుడు తల్లి నా చెవిలో నెమ్మదిగా అడుగుతుంది, "సారూ, ఏ పేరు రాస్తే పిల్లోడికి ఇబ్బంది రాదు?" అని. పేరులో ఏముంది అనేవాళ్లు ఒకసారి వచ్చి ఆ తల్లి ముందర నిలబడి ఈ మాట అనాలి.

ఇక మా కులం మొత్తానికి పెట్టిన పేర్ల సంగతి. తమిళ దేశంలో పరై అనే డప్పు కొట్టే పరయ్యల పేరును ఇంగ్లీషువాళ్లు తీసుకుపోయి "పరయా" అని తమ డిక్షనరీలో పెట్టుకున్నారు. అందరూ వెలివేసినవాడు అని దానికి అర్థం. ఇవాళ్టికీ ఏదైనా దేశాన్ని లోకం దూరం పెడితే ఇంగ్లీషు పత్రికలు ఆ మాటే వాడతాయి. ఒక జాతి పేరు ప్రపంచానికంతా తిట్టుగా మారింది. మన తెలుగు నేల మీద సర్కారు కాగితాల్లో మమ్మల్ని పంచములు అన్నారు. నాలుగు వర్ణాల లెక్క అయిపోయాక మిగిలిన అయిదోవాడు అని.

1917లో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. మేం ఎవరి వెనకా వచ్చిన అయిదోవాళ్లం కాదు, ఈ నేల మీద మొదటివాళ్లం అని ఆ సభ ఆది ఆంధ్ర అని పేరు పెట్టుకుంది. 1922లో ఎం.సి. రాజా మద్రాసు శాసన మండలిలో తీర్మానం పెట్టి, పంచమ, పరయ అనే మాటలు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలని అడిగాడు. మా వాళ్లు భూమి అడగటం కన్నా ముందే పేరు అడిగారేమిటని కొందరు మేధావులు ఆశ్చర్యపోతారు. భూమి అడిగేవాడికి ముందు మనిషిగా ఒక పేరుండాలి. పట్టా ఎవరి పేరు మీద రాస్తారు?

ఆ తర్వాత గాంధీ హరిజన అనే మాట తెచ్చాడు. 1933లో ఆ పేరుతోనే పత్రిక పెట్టాడు. తిట్టు కాదది, జాలి. మమ్మల్ని అడిగి పెట్టింది మాత్రం కాదు. 1938 జనవరిలో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఈ మాట చేరిస్తే అంబేద్కర్, ఆయన పార్టీ సభ్యులు వద్దన్నారు. వినకపోతే సభ నుంచి లేచి వచ్చారు. 1982లో కేంద్రమే కుల సర్టిఫికెట్లలో హరిజన అని రాయొద్దని చెప్పింది. 2017లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను ఇప్పుడు అవమానించటానికే వాడుతున్నారని అన్నది. మా మండలాల్లో హరిజనవాడ అన్న బోర్డులు ఇంకా చూడొచ్చు.

మా ఊళ్లో సంక్రాంతికి క్రికెట్ పోటీలు పెడతారు. ఒక ఏడు మా పిలకాయలు ఎంట్రీ ఫీజు కట్టి, ఫారంలో "అంబేద్కర్ యూత్" అని రాశారు. మిగతా టీములు రాయల్స్, బ్రదర్స్, ఫ్రెండ్స్ ఎలెవన్. వాళ్ల పేర్లు వాళ్లు రాసినట్టే మైకులో చదివారు. మా వాళ్ల వంతు వచ్చేసరికి "ఇప్పుడు బ్యాటింగుకు దిగుతున్నది మాదిగపల్లె టీము" అని వినబడింది. పిలకాయలు పిచ్చి దగ్గరే నిలబడిపోయారు. ఫారంలో రాసిన పేరు చదివితేనే ఆడతామన్నారు. కమిటీ పెద్దమనిషి వచ్చి "ఉన్న మాటే గదరా అన్నది, ఇంత చిన్నదానికి ఏందిరా మీ రచ్చ" అన్నాడు. అరగంటకు పేరు సరిగా చదివారు. మా వాళ్లు ఆట ఓడిపోయారు. మరుసటి ఏడు మా పల్లెకు పిలుపు రాలేదు.

"ఉన్న మాటే గదా" అన్నదానికి జవాబు చెప్పాలి. మాదిగ అనే మాట మాకు సిగ్గు కాదు. 1994 జూలై 7న మన ప్రకాశం జిల్లాలోనే ఈదుముడిలో దండోరా పుట్టింది. తిట్టుగా వాడే మాటను మంద కృష్ణ మాదిగ, ఆయనతో ఉన్న యువకులు తమ పేరు చివర తోకగా తగిలించుకున్నారు. రెడ్డికి తోక ఉన్నప్పుడు మాకెందుకు ఉండకూడదు అని. అప్పటికి నేనింకా మార్కాపురం పలక చేతబట్టని పిల్లోణ్ణి. నాకు ఊహ తెలిసేనాటికి మా బంధువుల పెళ్లిపత్రికల మీద ఆ మాట అచ్చయి కనబడింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ సరైనదేనని తీర్పిచ్చింది. ఆ తీర్పు దాకా నడిచింది ఆ పేరే.

మరి అదే మాట మైకులో వింటే ఎందుకు మండింది? అందరికీ వాళ్లు ఎంచుకున్న పేరు చదివి, మాకు మాత్రం కులం చదివారు గనుక. మేము రాసుకున్న పేరును కొట్టేశారు గనుక. మాటలో ఉన్న అక్షరాలు ఒకటే. పలికే నోరు వేరు, పలికే చోటు వేరు.

అమెరికాలోనూ ఇదే తగువు నడిచింది. అక్కడ ఒక ఫుట్‌బాల్ టీముకు 1933లో రెడ్‌స్కిన్స్ అని పేరు పెట్టారు. ఎర్రతోలోళ్లు అని అర్థం. ఆ నేల మూలవాసులను తిట్టే మాట. తరువాత ఆ టీము వాషింగ్టన్‌కు మారింది. 1992లో సుజాన్ హార్జో అనే మూలవాసి స్త్రీ, మరికొందరు కలిసి ఆ పేరు ట్రేడ్‌మార్కు రద్దు చేయాలని కేసు వేశారు. ఇది గౌరవంగా పెట్టిన పేరేనని యజమాని వాదించాడు. ఎన్నటికీ మార్చనని 2013లో తెగేసి చెప్పాడు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత జనం రోడ్ల మీదికొచ్చారు. డబ్బులిచ్చే కంపెనీలు వెనక్కి తగ్గుతామన్నాయి. ఆ జూలైలోనే పేరు పోయింది. ఇరవై ఎనిమిదేళ్ల వాదనకు కరగనివాడు పైసల దగ్గర కొద్దిరోజుల్లో కరిగాడు.

ఆ కథలో ఇంకో మలుపుంది. ఆసియా నుంచి వెళ్లిన కుటుంబాల పిల్లలు కొందరు తమను ఎగతాళి చేసే మాటనే తమ పాటల బృందానికి స్లాంట్స్ అని పేరు పెట్టుకున్నారు. అచ్చం మన దండోరా పద్ధతి. ఆ పేరుకు ట్రేడ్‌మార్కు ఇవ్వమన్నారు. 2017లో అమెరికా సుప్రీంకోర్టు కించపరిచే పేర్లను ఆపే నియమాన్నే కొట్టేసింది. తిట్టు పడ్డవాళ్లు గెలిచిన ఆ తీర్పే తిట్టేవాడి టీముకూ అక్కరకొచ్చింది. చట్టానికి మాట ఒక్కటే కనబడింది. ఎవరు ఎవరిని అంటున్నారో కనబడలేదు.

మన చట్టం ఈ విషయంలో కొంత మెరుగు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం నలుగురిలో కులం పేరుతో అవమానించటాన్ని నేరం చేసింది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, "చమార్" అన్నది కులం పేరే అయినా అవమానించే ఉద్దేశంతో పిలిస్తే నేరమేనని చెప్పింది. "ఉన్న మాటే గదా" అనే పెద్దమనుషులకు కోర్టు ఇచ్చిన జవాబు అది.

కానీ పేరు మారితే అన్నీ మారవు. మన క్రికెట్ చరిత్రే సాక్షి. బొంబాయి పోటీల్లో టీములకు మతాల పేర్లు: హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు. 1937లో క్రైస్తవుల్లాంటి మిగిలినవాళ్ల టీము చేరింది. దాని పేరే "రెస్ట్", అంటే మిగిలినవాళ్లు. పంచమ అనే మాటకు ఇంగ్లీషు అన్నట్టుంది. చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండులో వందకు పైగా వికెట్లు తీశాడు. హిందువుల టీముకు ఆడాడు. ఆ పేరు ఆయనకు దక్కింది. పూనాలో మాత్రం తోటి ఆటగాళ్లు లోపల టీ తాగుతుంటే ఆయనకు బయట మట్టి ముంతలో పోశారు. కెప్టెన్సీ ఆయనకు ఎన్నడూ ఇవ్వలేదు. ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో ఇచ్చారు.

ఇప్పుడు కొత్త మర్యాద ఒకటి వచ్చింది. 2018 ఆగస్టులో కేంద్ర సమాచార శాఖ టీవీలకు ఒక సలహా పంపింది. దళిత అనే మాట వాడొద్దు, షెడ్యూల్డు కులం అనండి అని. దళిత అన్నది మా ఉద్యమాలు ఎత్తుకున్న మాట. కారంచేడు నెత్తురు తర్వాత, 1985 నుంచి ఈ జిల్లాలో గోడల మీద రాసుకున్న మాట. ఆ మాటలో అణిచినవాడు కూడా కనబడతాడు. షెడ్యూలు అనే మాటలో వాడు కనబడడు. మర్యాద పేరుతో మాటను కడిగి నేరస్తుణ్ణి దాచిపెట్టే పని ఇది.

కాబట్టి విద్యార్థి మిత్రులకు, కార్యకర్తలకు నేను చెప్పేది ఇదే. ఏ మాట మంచిది, ఏ మాట చెడ్డది అని పట్టిక రాసుకుంటే సరిపోదు. ప్రతి పేరు దగ్గర మూడు ప్రశ్నలు వేయండి. ఎవరు పెట్టారు? ఎవరిని అడిగి పెట్టారు? అది పిలిస్తే ఎవరికి లాభం? మా పిలకాయలు ఆ అరగంట ఎండలో నిలబడి అడిగింది ఇవే. యర్రగొండపాలెం 2009 నుంచి రిజర్వుడు నియోజకవర్గం. మా కులాలవాళ్లు ఇక్కడి నుంచి అసెంబ్లీకి వెళ్తున్నారు. ఊరి మైకు మాత్రం ఇంకా మా చేతికి రాలేదు. టోర్నమెంటు మనమే పెట్టుకుందాం. అన్ని పల్లెలనూ పిలుద్దాం, ఊరి టీముల్ని కూడా. ఎవరు ఏ పేరు రాస్తే ఆ పేరే చదువుదాం.